కాలిన మచ్చకు కొవ్వు ఎక్కించడం: ఎవరికి, ఎప్పుడు, ఏ పద్ధతిలో?



వడ్డాది, చోడవరం, మాడుగుల చుట్టుపక్కల పల్లెలలో చెరుకు నరకడం మొదలైందంటే గానుగల దగ్గర నుండి బెల్లం వాసన వస్తుంది. దానితోపాటు ఆసుపత్రికి కాలిన గాయాలూ వస్తాయి. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. బెల్లం పాకం దిమ్మ కట్టే వేళకు అంతకంటే ఇంకో 15, 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. పైగా అది నీళ్ళలా జారిపోదు, ఒంటికి అంటుకొని లోపలి వరకు కాలుస్తుంది. పెనం దగ్గర ఆడుకునే పిల్లలకు, పాకం కలిపే పెద్దలకు ఈ ప్రమాదం ఎక్కువ.

గాయం మానిన తరువాత మిగిలే మచ్చ గురించి, ఆ మచ్చ కింద ఏర్పడిన గుంటను శరీరంలోని కొవ్వుతోనే పూడ్చే చికిత్స గురించి ఈ పాఠంలో తెలుసుకుందాము. దీని గురించి ఈమధ్య చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. పట్నంలో అందం కోసం చేసే వైద్యంగానే చాలామందికి దీని పేరు తెలుసు. నిజానికి ఇది మచ్చల వైద్యంలోనే పుట్టింది.

ఒక కుటుంబం అడిగిన ప్రశ్న

ఒక అమ్మాయి సంగతి చెబుతాము. ఆనవాలు తెలియకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాము. తొమ్మిదేళ్ళ వయసులో పాకం మీద పడి మెడ, ఎడమ బుగ్గ కాలాయి. గాయం మానింది గాని మెడ ముందు భాగంలో తాడులాంటి మచ్చ కట్టి గడ్డాన్ని కిందికి లాగేసింది. తల పూర్తిగా పైకెత్తలేదు. బుగ్గ మీద చర్మం లోపలికి అతుక్కుపోయి గుంట పడింది. ఇరవై ఏళ్ళు దాటాక పెళ్ళి మాటలు వచ్చాయి. మేనమామ ఎవరి దగ్గరో విని వచ్చి, "బుగ్గలోకి కొవ్వు సూది వేస్తే అయిపోద్దట గదమ్మా, కోత ఎందుకు?" అని అడిగాడు. తల్లి అప్పటికే తన గాజులు అమ్మడానికి సిద్ధపడింది.

ఆ అమ్మాయిని మేము ఒకటే అడిగాము: "నీకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఏమిటమ్మా?" బుగ్గ అంటుందనుకున్నాము. "పైకి చూడలేను. నీళ్ళ చెంబు ఎత్తి తాగలేను" అంది.

ఆ మాటతో ముందు ఏమి చెయ్యాలో తేలిపోయింది. మెడ దగ్గర ఉన్న లోటు కొవ్వు లోటు కాదు, చర్మం లోటు. చొక్కాకు గుడ్డ చాలనప్పుడు లోపల దూది కూరితే చొక్కా పెద్దది కాదు గదా! బిగుసుకుపోయిన మెడకు, మోచేతికి, చంకకు, వేళ్ళకు కావలసినది మచ్చను కోసి వదులు చేసి, ఏర్పడిన ఖాళీలో కొత్త చర్మం వెయ్యడం. సన్నని తాడులాంటి మచ్చ అయితే ఇంగ్లీషు జెడ్ అక్షరం ఆకారంలో కోసి, పక్క చర్మాన్ని అటూ ఇటూ మార్చి కుడితే చాలు. వెడల్పైన మచ్చకు తొడ నుండి తీసిన చర్మం అతికిస్తారు. ఇంకా లోతైనది అయితే రక్తనాళంతో కూడిన చర్మపు పలకను తెచ్చి వేస్తారు. ఈ పని సూదితో కాదు. ఎవరైనా అవుతుందని చెబితే ఆ ఇంటి మెట్లు దిగి వచ్చెయ్యండి.

బుగ్గ సంగతి వేరు. అక్కడ చర్మం సరిపడా ఉంది, కింద మెత్త లేదు. కాలినప్పుడు చర్మం కింద ఉండే కొవ్వు పొర కరిగిపోయి, పై చర్మం లోపలి కండకు అతుక్కుంది. కొవ్వు ఎక్కించడం పనికివచ్చేది ఇలాంటి చోటే.

నూట ముప్పై ఏళ్ళ నాటి మాట

1893లో జర్మనీలో గుస్టావ్ న్యూబర్ అనే శస్త్రవైద్యుడు ఒక రోగి చేతి నుండి కొవ్వు ముక్కలు తీసి, కంటి కింద లోపలికి లాగుకుపోయిన మచ్చ కింద పెట్టాడు. ఎముకకు క్షయ సోకి ఏర్పడిన మచ్చ అది. ఆయన అప్పుడే ఒక విషయం గమనించాడు. బాదం గింజకంటే పెద్ద ముక్కలు పెడితే ఫలితం బాగుండదు, చిన్న ముక్కలే నిలుస్తాయి. రెండేళ్ళకు, 1895లో, చెర్నీ అనే మరో వైద్యుడు ఒక స్త్రీ నడుము దగ్గరి కొవ్వు గడ్డను తీసి, శస్త్రచికిత్సలో కోల్పోయిన రొమ్ము చోటులో అమర్చాడు.

ఆ తరువాత చాలాకాలం ఈ పద్ధతి వెనుకబడింది. పెట్టిన కొవ్వు కరిగిపోతుందని వైద్యులు విసుగు చెందారు. ఆ మధ్యలో కొందరు పారఫిన్ మైనం వంటివి ముఖంలోకి ఎక్కించి మనుషులను పాడు చేసిన చరిత్ర కూడా ఉంది. అవి గడ్డలు కట్టి, పుండ్లు పడి, తీసినా పూర్తిగా రాలేదు. నేటికీ "అదేదో జెల్, ఒక్కసారి వేస్తే జీవితాంతం ఉంటుంది" అని పేరు చెప్పని పదార్థం ఎక్కించేవారు దొరుకుతారు. మన కొవ్వు మన శరీరానిదే కాబట్టి శరీరం దానిని పరాయిదిగా చూడదు. అంతవరకు అది మేలు.

1980లలో సన్నని గొట్టంతో కొవ్వు పీల్చే పద్ధతి వ్యాపించాక, తీసిన కొవ్వును పారెయ్యకుండా వాడవచ్చునన్న ఆలోచన మళ్ళీ వచ్చింది. 1990లలో న్యూయార్క్‌కు చెందిన డాక్టర్ సిడ్నీ కోల్మన్ కొవ్వును ఎలా తియ్యాలి, ఎలా శుభ్రం చెయ్యాలి, ఎలా పెట్టాలి అన్నదానికి ఒక క్రమం ఏర్పరచాడు. ఇప్పుడు చేసే పద్ధతులన్నీ ఎక్కువ తక్కువగా ఆ క్రమానికి మార్పులే.

నారు తీసినట్టు, నాటినట్టు

మన పాఠకులలో వరి నాటని ఇల్లు తక్కువ. కాబట్టి అదే పోలికతో చెబుతాము. కొవ్వు ఎక్కించడం సీసాలో మందు నింపి గుచ్చడం లాంటిది కాదు, నాట్లు వెయ్యడం లాంటిది. నారుమడిలో నుండి వేరు తెగకుండా మొక్క తీస్తారు, మట్టి కడుగుతారు, దమ్ము చేసిన పొలంలో దూరం దూరంగా కొద్దికొద్దిగా నాటుతారు. కట్టంతా ఒకే చోట గుచ్చితే లోపలి మొక్కలు కుళ్ళిపోతాయి. కొవ్వు కణాలూ అంతే. తీసిన క్షణం నుండి వాటికి రక్తం అందదు. కొత్త చోట మొదటి కొద్ది రోజులు చుట్టూ ఉన్న తేమ నుండి ప్రాణవాయువు పీల్చుకొని బతకాలి. తరువాత కొత్త రక్తనాళాలు వాటిలోకి వస్తాయి. ఆ తేమ రెండు మిల్లీమీటర్ల లోతు దాటి సరిగా చేరదు. కొవ్వు ముద్ద పెద్దదైతే నడి భాగం చచ్చి, నూనె తిత్తిగానో గట్టి గడ్డగానో మారుతుంది. 1893లో న్యూబర్ కంటితో చూసిన దానికి కారణం ఇదే.

నారుమడి ఎక్కడ? సాధారణంగా పొట్ట, తొడలు, నడుము పక్కలు. ఏ చోటి కొవ్వు మేలైనదని చాలా పరిశోధించారు గాని, ఒక చోటికి మరొక చోటి కంటే స్పష్టమైన ఆధిక్యం కనబడలేదు. అందుకని కొవ్వు ఎక్కువగా ఉన్నచోట, చిన్న గాటు బట్టలో దాగేచోట తీస్తారు. మన దగ్గర కాయకష్టం చేసే ఆడపిల్లలలో కొందరు బక్కగా ఉంటారు. పొట్ట దగ్గర చిటికెడు దొరకదు. అలాంటివారికి తొడ లోపలి భాగం చూస్తారు. ముఖానికి కావలసినది కొద్దిగానే, చాలా సందర్భాలలో పది ఇరవై మిల్లీలీటర్లు సరిపోతుంది.

తియ్యడంలో రెండు దారులు ఉన్నాయి. చేతితో సిరంజి పట్టి నెమ్మదిగా లాగడం ఒకటి, యంత్రం పీల్చడం మరొకటి. ముందుగా తిమ్మిరి మందు, రక్తం ఎక్కువ కారకుండా ఎడ్రినలిన్ కలిపిన సెలైన్ చర్మం కిందికి ఎక్కించి కొంతసేపు ఆగుతారు. తరువాత రెండు మూడు మిల్లీమీటర్ల మొద్దు కొన గొట్టం పెడతారు. బుగ్గ, చెయ్యి వంటి చిన్న చోట్లకు సిరంజియే మేలు. పిస్టన్‌ను ఒకటి రెండు మిల్లీలీటర్లు మాత్రమే వెనక్కి లాగితే కణాలు నలగవు. రొమ్ము పునర్నిర్మాణానికి వందల మిల్లీలీటర్లు కావాలి. అక్కడ సిరంజితో కూర్చుంటే మత్తు సమయం పెరిగిపోతుంది కనుక తక్కువ ఒత్తిడి మీద యంత్రం వాడతారు.

కడగడంలో మూడు పద్ధతులు. సిరంజిని నిలబెట్టి ఉంచితే పైన నూనె, నడుమ కొవ్వు, అడుగున రక్తపు నీరు వేరుపడతాయి. ఇది ఖర్చు లేనిది గాని కొవ్వులో తడి మిగిలిపోతుంది. రెండవది గిర్రున తిప్పే యంత్రం. కోల్మన్ చెప్పిన లెక్క నిమిషానికి 3000 చుట్లు, 3 నిమిషాలు. అంతకంటే వేగం పెంచితే కణాలు పగులుతాయి. మూడవది జల్లెడ మీద గాని, అంటుకోని గాజుగుడ్డ మీద గాని వేసి సెలైన్‌తో కడగడం. ఏది గొప్పది అన్నదానిమీద వైద్యుల మధ్య పోట్లాట ఇంకా తెగలేదు. ఏ ఒక్కటీ మిగతావాటిని ఓడించినట్టు రుజువు కాలేదు. మా అభిప్రాయం అడిగితే, తనకు అలవాటైన పద్ధతిని శుభ్రంగా, గాలికి ఎక్కువసేపు వదలకుండా చేసే చెయ్యి ముఖ్యం. "మా దగ్గర ఫలానా యంత్రం ఉంది" అన్న ప్రకటన చూసి పరుగెత్తనక్కరలేదు.

నాటడమే అసలు విద్య. ఒక మిల్లీలీటరు సిరంజికి మొద్దు కొన సన్నని గొట్టం తగిలించి, లోపలికి పోనిచ్చి, వెనక్కి తీస్తూ కొద్దికొద్దిగా వదులుతారు. ఒక్కసారి వెనక్కి తీసినప్పుడు పదో వంతు మిల్లీలీటరు, లేదా ఇంకా తక్కువ. లోతులో కొంత, మధ్య పొరలో కొంత, చర్మం అడుగున కొంత. ఒక్క మిల్లీలీటరుకు పది, ఇరవై సార్లు గొట్టం వెళ్ళి రావాలి. కాలిన మచ్చలో ఇంకో చిక్కు ఉంది. చర్మం కిందికి అతుక్కొని ఉంటుంది కాబట్టి ముందు సూది మొనతో ఆ నారలను అక్కడక్కడ తెంచి చోటు చెయ్యాలి. అత్యాశతో అన్నీ తెంచేస్తే లోపల గుహలాంటి ఖాళీ ఏర్పడి, కొవ్వంతా అందులో మడుగు కట్టి చచ్చిపోతుంది. దమ్ము చెయ్యాలి గాని మడిని చెరువు చెయ్యకూడదు.

మచ్చను బట్టి కొవ్వు

లోతైన గుంటకు పైన చెప్పిన మామూలు కొవ్వు వాడతారు. పలుచని, ముడతలు పడిన, రంగు మారిన చర్మానికి ఈ మధ్య "నానో ఫ్యాట్" అనేది వచ్చింది. 2013లో బెల్జియం వైద్యుడు టొనార్డ్, ఆయన సహచరులు దీనిని వివరించారు. కొవ్వును రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ తోసి, వడగట్టి, పాలలా చేస్తారు. ఇందులో బతికి ఉన్న కొవ్వు కణాలు దాదాపు ఉండవు, వాటితో ఉండే మూలకణాలు మిగులుతాయి. కనుక ఇది గుంటను పూడ్చదు, చర్మం మెత్తబడడానికి ఉద్దేశించినది.

మెత్తబడుతుందా? మచ్చ నొప్పి, దురద, బిగుతు తగ్గాయని చాలామంది వైద్యులు రాశారు. అయితే 2017లో పిల్లల కాలిన మచ్చల మీద ప్రచురితమైన ఒక చిన్న పరీక్షలో మచ్చలో ఒక సగానికి కొవ్వు, రెండవ సగానికి ఉప్పునీరు ఎక్కించి, ఏది ఎక్కడో చూసేవారికి చెప్పకుండా పోల్చారు. తేడా కనబడలేదు. ఆ పరీక్షలో పిల్లలు కొద్దిమందే కాబట్టి తుది తీర్పు అనలేము. గుంట పూడుతుందని ధైర్యంగా చెప్పవచ్చు, మచ్చ మాయమవుతుందని మాత్రం ఎవరూ చెప్పకూడదు. రేడియేషన్ వల్ల చర్మం పాడైన రొమ్ము కాన్సర్ రోగులకు కొవ్వు ఎక్కిస్తే చర్మం కోలుకుందని 2007లో ఇటలీ వైద్యుడు రిగోట్టి బృందం రాసిన తరువాతే మచ్చల విషయంలో ఇంత ఆశ కలిగింది.

మరొక పద్ధతి పాతది గాని మిషను ఆసుపత్రులవారికి బాగా తెలిసినది. చర్మపు పై పొర గీకేసి, అడుగు చర్మంతో కలిపి కొవ్వును ఒకే ముక్కగా తీసి లోపల పెట్టడం. కుష్ఠు వలన చేతి నరం దెబ్బతిన్నవారికి బొటనవేలికి, చూపుడువేలికి మధ్య కండ కరిగి గుంట పడుతుంది. 1940ల చివరలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల వేళ్ళకు స్నాయువులు మార్చి కదలిక తెచ్చే చికిత్సలు మొదలుపెట్టారు. చెయ్యి పనిచేసినా ఆ గుంట మిగిలితే, రోగం నయమైన మనిషిని కూడా సంతలో చెయ్యి చూసి దూరం జరిగేవారు ఉంటారు. ఆ గుంటను పూడ్చడానికి ఈ ముక్క పద్ధతి గాని, సిరంజి కొవ్వు గాని వాడతారు. దీనిని అందం కోసమని కొట్టిపారెయ్యడం మాకు ఇష్టం లేదు.

తొందరపడకూడనివి

మచ్చ ఎర్రగా, గట్టిగా, దురదగా ఉన్నంతకాలం అది ఇంకా పెరుగుతున్న మచ్చ. సాధారణంగా ఏడాది, కొందరికి ఏడాదిన్నర ఆగాలి. ఆ కాలంలో బిగుతు గుడ్డ రోజుకు దాదాపు 23 గంటలు కట్టుకోవడం, నూనెతో మర్దనా, వ్యాయామం మానకూడదు. అయితే కనురెప్ప మూతపడకపోయినా, నోరు తెరుచుకోకపోయినా ఆగకూడదు, వెంటనే రావాలి.

పొగాకు మానాలి. చుట్ట, బీడీ, అన్నిటికంటే మన ఉత్తరాంధ్ర అమ్మలకు అలవాటైన అడ్డపొగ. నిప్పు నోటిలోపల పెట్టుకున్నా బయట పెట్టుకున్నా నికోటిన్ సన్నని రక్తనాళాలను బిగిస్తుంది, నాటిన కొవ్వుకు నీరు అందదు. ముందు నాలుగు వారాలు, తరువాత నాలుగు వారాలు తప్పనిసరిగా మానాలి. షుగరు అదుపులో ఉండాలి. బరువు నిలకడగా ఉండాలి. పొట్ట నుండి తీసిన కొవ్వు బుగ్గలో ఉన్నా పొట్ట కొవ్వులాగే నడుచుకుంటుంది, మీరు లావైతే అదీ లావవుతుంది.

పెట్టిన దానిలో ఎంత నిలుస్తుంది? చోటును బట్టి, చేతిని బట్టి మారుతుంది. సగం నిలిస్తే మంచి ఫలితమే. బాగా మచ్చ కట్టిన చోట అంతకంటే తక్కువే నిలవవచ్చు. మొదటి రెండు మూడు వారాలు వాపు వలన బుగ్గ నిండుగా కనబడి ఇంటివారు సంతోషిస్తారు, తరువాత తగ్గి దిగులుపడతారు. మూడు నుండి ఆరు నెలలకు గాని అసలు లెక్క తేలదు. రెండవసారి, మూడవసారి అవసరం కావచ్చునని ముందే చెప్పని వైద్యుడు మీకు సగమే చెప్పాడన్నమాట. కొవ్వు పెట్టిన చోట కొన్ని వారాలు నొక్కడం, కాపడం పెట్టడం, ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోవడం వద్దు.

ప్రమాదాలు ఉన్నాయి. చీము, గడ్డలు, నూనె తిత్తులు, కొవ్వు తీసినచోట ఎగుడుదిగుళ్ళు. అరుదైనదే గాని భయంకరమైనది ఒకటి ఉంది: కనుబొమల మధ్య, ముక్కు దగ్గర పదునైన సూదితో ఒత్తిడిగా ఎక్కిస్తే కొవ్వు రక్తనాళంలోకి పోయి చూపు పోవచ్చు, పక్షవాతం రావచ్చు. మొద్దు గొట్టం, కొద్ది మోతాదు, వెనక్కి తీస్తూ వదలడం అనే మూడు నియమాలు అందుకే. పిరుదులు పెద్దవి చేయడానికి కండలోకి కొవ్వు ఎక్కించుకొని విదేశాలలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. తరువాత 2018లో కండలోకి ఎక్కించవద్దని శస్త్రవైద్య సంఘాలు హెచ్చరించాయి.

కాబట్టి చేసేవారు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. గాని డి.ఎన్.బి. గాని చదివినవారా అని అడగండి. ఇలాంటి మచ్చను ఎన్నిటికి చేశారు, మొత్తం ఎన్నిసార్లు కావచ్చు, మొత్తం ఖర్చు ఎంత, తేడా వస్తే ఎవరు చూస్తారు అని అడగండి. అడగడం అమర్యాద కాదు. విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై తరువాత పేర్లు మారిన ప్రభుత్వ పథకంలో, కాలి బిగుసుకుపోయిన అవయవాలను పనిలోకి తెచ్చే శస్త్రచికిత్సలకు చోటు ఉంది. బుగ్గ నింపడం వంటివాటికి వర్తిస్తుందో లేదో వెళ్ళే ముందు పథకం బల్ల దగ్గర కనుక్కోండి. గాజులు అమ్మేది తరువాత.

గానుగ దగ్గర పనిచేసేవారికి ఒక్క మాట. పాకం పడితే వెంటనే చల్లని మామూలు నీళ్ళు ధారగా 20 నిమిషాలు పొయ్యండి. అంటుకున్న పాకాన్ని పీకవద్దు, నీళ్ళకు అదే కరుగుతుంది. టూత్‌పేస్టు, సిరా, పేడ, నూనె ఏదీ రాయవద్దు. మెడ కాలిన పిల్లను దిండు వేసి పడుకోబెట్టవద్దు. దిండు మీద తల వంగి ఉన్నచోటే మచ్చ బిగుసుకుంటుంది.

ఆ అమ్మాయి విశాఖపట్నంలో మెడకు ఆపరేషన్ చేయించుకుంది. మచ్చ కోసి తొడ చర్మం వేశారు. ఆరు నెలలు మెడపట్టీ పెట్టుకొని, ప్రతి వారం మా దగ్గర వ్యాయామం చేసింది. ఆ తరువాత ఏడాదికి బుగ్గలో 12 మిల్లీలీటర్ల కొవ్వు పెట్టారు. సగానికి పైగా కరిగిపోయింది. గుంట కొంత పూడింది, చర్మం కింద నుండి విడివడి నవ్వినప్పుడు కదులుతోంది. మచ్చ రంగు అలాగే ఉంది. రెండవసారి ఎప్పుడు పెట్టించుకుంటావని మొన్న అడిగాము. మేనమామ ఏదో చెప్పబోయాడు. ఆమె తల పైకెత్తి, "చెరుకు పని అయ్యాక చూద్దాంలెండి" అంది.